డబ్బులకు మడి

కావలిలో ట్రంకు రోడ్డుకు కాస్త లోపలగా మాకొక కిరాణా కొట్టు ఉంది. పగలు మా ఆయన, సాయంత్రం నేను గల్లా పెట్టె దగ్గర కూర్చుంటాం. అక్కడ కూర్చున్న మనిషికి ఊళ్ళో అందరి చేతులూ కనిపిస్తాయి. నాలుక మీద వేలు తడుపుకుని నోట్లు లెక్కపెట్టడం చాలామందికి అలవాటు. ఇంకొకటి, అంటుకుపోయిన కవరును నోటితో ఉఫ్‌మని ఊది తెరవడం. ఆ ఊదిన కవరులోనే కందిపప్పు పోసి ఇస్తారు!

ఫ్లూ లాంటి అంటు జ్వరాలు చేతుల మీదుగా పాకకూడదని, మా కొట్టులో పనిచేసే కుర్రాడికి చేరిన రోజే ఈ రెండూ ఇక్కడ కుదరవని చెప్పాను. బ్యాంకు క్యాషియర్ల బల్ల మీద ఉంటుందే, తడి స్పాంజి గిన్నె, అలాంటిది ఒకటి కొని పెట్టాను. పాత ఖాతాదారు ఒకాయన దాన్ని చూసి, "ఏమమ్మా, డబ్బులకు కూడా మడి కట్టావా?" అన్నారు. "డబ్బులకు కాదు బాబాయ్, మీ నాలుకకు" అన్నాను. ఆయన హాయిగా నవ్వి, వేలు నాలుక మీద పెట్టుకుని మరీ వంద నోటు తీసి ఇచ్చారు.

నిజానికి ఫ్లూ రావడానికి నోట్ల కన్నా దగ్గు, తుమ్ములే పెద్ద దారి. ఆ తుంపరలు ఆరడుగుల దూరంలో ఉన్నవాళ్ళను కూడా చేరగలవు. అరచేయి అడ్డం పెట్టుకుని దగ్గి, అదే చేత్తో చిల్లర అందుకునేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మోచేతి మడతలో దగ్గితే ఏం పోతుంది? కాగితం, గుడ్డల మీద ఈ వైరస్ కొన్ని గంటలకు మించి నిలవదు. స్టీలు, ప్లాస్టిక్ లాంటి నున్నటి వాటి మీద మాత్రం ఒకటి రెండు రోజులు ఉండగలదు. అందుకే కౌంటరు మీది రేకు, ఫ్రిజ్ తలుపు పిడి, తూకం మిషను మీట్లు సాయంత్రం దీపం పెట్టే ముందు ఒకసారి, కొట్టు కట్టేసేటప్పుడు ఇంకోసారి తుడిపిస్తాను. డబ్బు పడిందని చూపించడానికి ఇదివరకు అందరూ ఫోను నా చేతికే ఇచ్చేవారు. డబ్బు పడగానే గట్టిగా చెప్పే పెట్టె వచ్చాక ఆ బెడద తగ్గింది.

చేతులు కడుక్కోవడం మనకు ఒకరు నేర్పాలా అంటారు. నేర్పాలనే అంటాను. మన ఇళ్ళలో అన్నానికి ముందు నీళ్ళు, అన్నం తిన్నాక సబ్బు. చేపల పులుసు వాసన వదలడానికి రుద్దుకున్నంతగా తినబోయే ముందు ఎవరూ రుద్దుకోరు. ఫ్లూ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరను చీల్చేది సబ్బు నురగే. వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ చివరలు కలుపుకుని ఇరవై సెకన్లు రుద్దాలి. మా దగ్గర దొరికే అతి చౌక సబ్బు కూడా ఈ పని చేస్తుంది. బాక్టీరియాను చంపుతుందని రాసి ఉన్న ఖరీదైన సబ్బే కావాలంటే కాదనను, వ్యాపారం నాది. కాకపోతే ఫ్లూ తెచ్చేది బాక్టీరియా కాదు.

సరే, కడిగిన చేతులు ఎక్కడ తుడుచుకుంటాం? బేసిన్ పక్కన వేలాడే ఉమ్మడి తువ్వాలుకు. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ముసురు పట్టిందంటే ఆ తువ్వాలు ఆరే ప్రసక్తే ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు తలా ఒక రంగు తువ్వాలు. మన దేశంలో ఫ్లూ ఉధృతి ఏటా రెండుసార్లు కనిపిస్తుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, వానాకాలం తర్వాత ఒకటి. మా అత్తగారికి డెబ్బై దాటాయి, పైగా చక్కెర జబ్బు. డాక్టరు సలహాతో ఆమెకు ఏటా ఫ్లూ టీకా వేయిస్తాం. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి నిరుటి సూది ఈ ఏటికి చాలదు. వేయించుకున్నాక రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక, ముసురు మొదలయ్యాక పరుగెత్తి లాభం లేదు.

అన్నిటికన్నా కష్టమైనది పరామర్శ మాన్పించడం. జ్వరమని తెలిస్తే బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని వెళ్ళి, మంచం అంచున కూర్చుని, నుదుటి మీద చేయి వేసి చూడకపోతే మన దగ్గర అది పెద్ద లోటు. అక్కడి నుంచి ఇంటికొచ్చి మనవణ్ణి ఎత్తుకుంటారు. ఫ్లూ వచ్చినవాళ్ళు లక్షణాలు బయటపడటానికి ఒకరోజు ముందు నుంచి, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా దాన్ని ఇతరులకు అంటించగలరు. నేను క్యారియర్‌లో మిరియాల చారు, మెత్తటి అన్నం గేటు దగ్గర పెట్టించి ఫోను చేస్తాను. మా ఆయన వైపు బంధువులు ఒకరిద్దరు దీన్ని పొగరు అనుకున్నారు. అనుకోనీ.

కుర్రాడికీ అంతే. జ్వరం, దగ్గు మొదలైతే రావద్దని, అందుకు జీతంలో కోత పెట్టబోమని చెప్పాం. మా ఆయన మొదట గొణిగారు. సంక్రాంతి సరుకు దిగే వారంలో అందరం ఒకేసారి మంచం పడితే కొట్టుకు తాళమేగా అని లెక్క చెప్పాక ఊరుకున్నారు. జ్వరం మాత్ర వేసుకోకుండానే ఒక పూర్తి రోజు జ్వరం లేకుండా గడిస్తే అప్పుడు రమ్మంటాం, అదీ కొన్నాళ్ళు మాస్కు పెట్టుకుని.