మునగాకు పొడి, నా ఒంట్లో ఇనుము

గత ఏడాది వేసవిలో, పొదలకూరులోని మా ఇంట్లో డాబా మెట్లు ఎక్కితే చాలు, గుండె దడదడలాడి గోడ పట్టుకొని నిలబడవలసి వచ్చేది. అంతకంటే వింత, పచ్చి బియ్యం మీద పుట్టిన యావ. ఎసట్లో పోయబోతూ గుప్పెడు నోట్లో వేసుకొని నమిలేదాన్ని. మా అత్తగారు ఆషాఢం దాకా ఆగకుండా మునగాకు నీడన ఆరబెట్టి, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి చేర్చి పొడి కొట్టి, "రోజూ మొదటి ముద్దలో కలుపుకో అమ్మాయ్, రక్తం పడుతుంది" అన్నారు.

నెల్లూరులో పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 ఉంది, గర్భవతి కాని స్త్రీకి 12 కన్నా తగ్గితేనే రక్తహీనత. ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ 15 కన్నా తగ్గకూడదట, నాకు 6 వచ్చింది. పొడి సంగతి విని డాక్టరమ్మ కొట్టిపారేయలేదు, లెక్క చెప్పారు. నూరు గ్రాముల పచ్చి మునగాకులో ఉండే ఇనుము నాలుగైదు మిల్లీగ్రాములు. ఎండితే నీరు పోయి ఆ పాళ్లు పెరుగుతాయి గానీ, మనం తినేది చెంచాడు, అందులోనూ ఆకులోని ఫైటేట్లు, పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఇనుమును పట్టి ఉంచడం వల్ల ఒంటికి అందేది కొద్ది భాగమే. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో సూచించింది. పైగా గర్భాశయంలోని గడ్డల వల్ల నెలనెలా రక్తం ఎక్కువగా పోతోందని స్కానింగ్‌లో తేలింది. ఆ పోవడం తగ్గనిదే ఏ ఆకూ లోటు పూడ్చలేదు.

రక్తస్రావానికి మందులతో పాటు ఇనుము మాత్రను పరగడుపున నిమ్మరసంతో వేసుకోమన్నారు. పొదలకూరులో నిమ్మకాయలకు కొదవేముంది! మాత్రకు అటూ ఇటూ టీ తాగకుండా ఉండటమే కష్టమైంది. ఇనుముకు అడ్డు పడకుండా కాల్షియం మాత్ర కూడా రాత్రికి మారింది. మలం నల్లబడుతుందని ముందే చెప్పారు కనుక కంగారు పడలేదు. హిమోగ్లోబిన్ పెద్దగా పెరగకముందే బియ్యం మీద యావ పోవడం నన్ను ఆశ్చర్యపరిచింది.

ఆ మధ్య మందుల దుకాణంలో మునగాకు క్యాప్సూళ్ల డబ్బా తిప్పి చూశాను. ఆకు ఎంత ఉందో రాశారు, ఇనుము ఎంత ఉందో రాయలేదు. అంత ధర పెట్టి దాన్ని కొనడం కంటే పెరట్లోని కొమ్మ వంచడం మేలనిపించింది.

హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా నిల్వ నిండడానికి మరికొన్ని నెలలు మాత్రలు కొనసాగించారు. మొన్నటి పరీక్షలో ఫెరిటిన్ 41. మాత్రలు ఆపేశారు, గడ్డలకు వైద్యం సాగుతోంది. అత్తగారి లెక్కలో ఇదంతా పొడి మహిమే, నేనూ వాదించను, ఇడ్లీలోకి నెయ్యితో అది బాగుంటుంది.