గానుగ నూనె దుకాణానికి తొలి ఏడాది గిరాకీ ఎలా వచ్చిందంటే

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, డబుల్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో, నేనూ నా భార్యా గానుగ నూనె దుకాణం తెరిచి ఏడాది దాటింది. గానుగకు, మోటారుకు, అద్దెకు, నువ్వులకు, వేరుశనగ గుళ్ళకు పోగా ప్రచారానికి మా చేతిలో మిగిలింది చాలా కొద్ది. ఆ కొద్దితోనే కొనేవాళ్ళను రప్పించుకోవలసి వచ్చింది. కొత్తగా దుకాణం పెట్టేవాళ్ళకు పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను.

బోణీ నాటి నుంచి గల్లాపెట్టె పక్కన ఒక నోటు పుస్తకం పెట్టాం. కొత్తగా వచ్చిన ప్రతివారినీ "మా దుకాణం సంగతి మీకెలా తెలిసింది?" అని అడిగి, చెప్పింది రాసుకున్నాం. రెండోసారి వస్తే పేరు పక్కన ఒక గీత. దినపత్రికల్లో పెట్టించిన కరపత్రాలు చూసి వచ్చామన్నవాళ్ళు ఆ పుస్తకంలో బహు తక్కువ. ఆ ఖర్చును వెంటనే ఆపేశాం. పుస్తకం లేకపోతే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ధర. ప్యాకెట్ నూనె ధర తెలిసినవారికి గానుగ నూనె ధర చెప్పగానే ముఖం మారిపోతుంది. అందుకని గుమ్మం పక్కన ఒక నల్లబల్ల పెట్టి లెక్క రాశాం. లీటరు పప్పునూనె రావాలంటే సుమారు రెండున్నర కిలోల నువ్వులు ఆడాలి. ఆ రోజు కిలో నువ్వుల ధర ఎంతో, ఆడే ఖర్చు ఎంతో, మాకు మిగిలేది ఎంతో, అన్నీ అందులో ఉంటాయి. పెద్ద మిల్లులు చెక్కలో (నూనె తీశాక మిగిలే పిప్పిలో) మిగిలిన నూనెను కూడా ద్రావకంతో లాగేస్తాయి, గానుగలో అది చెక్కలోనే ఉండిపోతుంది అని కింద మరో వాక్యం. లాభం కూడా రాస్తారా అని తోటి వ్యాపారులు ఆశ్చర్యపోయారు. కానీ ఆ బల్ల ముందు నిలబడి లెక్క వేసుకున్నవాళ్ళు మళ్ళీ బేరం ఆడలేదు. గానుగను వీధి వైపు తిప్పి, అద్దం వెనక, సాయంత్రం జనం రైతు బజారుకు వెళ్ళి వచ్చే వేళ ఆడించడం మొదలుపెట్టాం. నువ్వుల్లో బెల్లం ముక్క వేసి ఆడుతుంటే వచ్చే వాసనకు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

అసలు గిరాకీ మాత్రం మేము అమ్మకానికే పెట్టని సరుకుతో వచ్చింది. ఒక సాయంత్రం ఒక పెద్దావిడ నూనె సీసాల వంక చూడకుండా నేరుగా గానుగ దగ్గరకు వచ్చి, "తెలగపిండి ఉందా బాబూ? మా మనవరాలు పురిటికి వచ్చింది" అని అడిగారు. తెలగపిండి అంటే నువ్వుల చెక్క పొడే, బాలింతలకు వండి పెడతారు. ఆ చెక్కను మేము అప్పటిదాకా పశువుల దాణాకు ఇచ్చేస్తున్నాం. అది శుభ్రంగా ఆడిన చెక్కే. అప్పుడే తీసిన చెక్కను పొడి చేయించి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ వేళ్ళ మధ్య నలిపి చూసి, వాసన చూసి, "ఇది దొరక్క ఎన్నాళ్ళయిందో" అన్నారు. మునగాకు వేసి ఎలా వండాలో నా భార్యకు అక్కడే నిలబడి చెప్పారు. ఆ వారంలో ఆవిడ చెప్పారంటూ వాళ్ళ అపార్ట్‌మెంటు నుంచి ఒకరి వెనక ఒకరు వచ్చారు. బాలింత ఉన్న ఇల్లు తెలగపిండి కోసం ఎంత దూరమైనా వస్తుంది. వచ్చినవాళ్ళు నూనె కూడా కొంటారు. అప్పటినుంచి పప్పునూనె లీటరు సీసాతో పాటు పావు కిలో తెలగపిండి ఉచితంగా ఇస్తున్నాం. వండే పద్ధతి రాసిన చీటీ కూడా పెడతాం. మా నోటు పుస్తకంలో మళ్ళీ వచ్చినట్టు గీత ఎక్కువగా పడింది ఈ పేర్ల పక్కనే.

మన ఇళ్ళల్లో నూనె కొనుగోలు పంచాంగంతో నడుస్తుంది. ఆవకాయ రోజులు, నాగుల చవితి చిమ్మిలి, కార్తీక దీపాలు, పిండివంటల సంక్రాంతి. ఆవకాయ ముందు ఐదు లీటర్ల డబ్బాలు, కార్తీకంలో దీపానికి సరిపోయే చిన్న సీసాలు సిద్ధంగా ఉంచాం. ధర తగ్గించలేదు, సమయానికి సరిపడా కొలత ఉంచడమే చాలింది. విడి నూనె అమ్మడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, ఎంత చిన్న సీసా అయినా ఆడిన తేదీ రాసి మూత వేసే ఇస్తాం.

ఇక ఫోను సంగతి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు నమోదు చేయడానికి రూపాయి ఖర్చు లేదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు పెట్టి, గానుగ ఫొటోలు ఎక్కించాం. మంచి సమీక్ష రాస్తే తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఆ దారి తొక్కలేదు. వాట్సాప్ బిజినెస్‌లో ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంటుంది, ఒక్కోదానిలో 256 మందిని చేర్చవచ్చు. అయితే మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "ఈ నంబరు దాచుకోండి, తాజాగా ఆడిన రోజు చెబుతాం" అంటాం. తాజాగా ఆడిన రోజు తప్ప వేరే సందేశం పంపం. శుభోదయాలు పంపితే జనం విసిగిపోతారు.

ఒక ప్రచార సంస్థ వాళ్ళు వచ్చి, మా నూనెతో షుగరు తగ్గుతుందని, గుండె జబ్బులు రావని రీల్స్ చేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆహార పదార్థాల ప్రకటనల మీద 2018లో వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధనల ప్రకారం జబ్బు నయమవుతుందని చెప్పకూడదు. చట్టం లేకపోయినా చెప్పను. మందులు వాడే మనిషి ఆ మాట నమ్మి మందు మానేస్తే ఆ పాపం ఎవరిది?

సింహాచలం గిరి ప్రదక్షిణ ఆషాఢంలో, సుమారు 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా ఆ దారి మా డబుల్ రోడ్డు గుండానే పోతుంది. ఆ రాత్రి మజ్జిగ, నువ్వుల ఉండలు పంచాం. కరపత్రాలు కూడా ఇద్దామని మా బావమరిది అన్నాడు. వద్దన్నాను. చెప్పుల్లేకుండా నడిచి వస్తున్నవాళ్ళ చేతిలో పెట్టవలసింది మజ్జిగ గ్లాసే. ఆ వంకతో గిరాకీ పెరిగిందో లేదో పుస్తకంలో వెతకలేదు, వెతకను కూడా.

ఇప్పుడు మధురవాడ నుంచి, గాజువాక నుంచి ఇంటికి పంపగలరా అని అడుగుతున్నారు. ఒక్క సీసా కోసం అంత దూరం పంపితే మిగిలేది ఆటో ఖర్చుకే పోతుంది. అందుకని ఒకే అపార్ట్‌మెంటులో ఐదు ఇళ్ళు కలిసి చెబితే ఆదివారం మేమే తెచ్చి ఇస్తామని చెప్పాం. పక్కింటివాళ్ళను ఒప్పించే పని వాళ్ళే చేసుకుంటున్నారు. గాజువాక వైపు మొదటి ఐదు ఇళ్ళు తెలగపిండి కోసమే కలిశాయి.