డ్రాఫ్ట్స్‌లో 11 నెలలు

ఆ రాజీనామా లేఖలో ఉన్నవి నాలుగే వాక్యాలు. ఒక ఆదివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక రాసి, పొద్దున్నే పంపేద్దామని డ్రాఫ్ట్స్‌లో పెట్టాను. అది అక్కడే 11 నెలలు ఉండిపోయింది. మధ్యమధ్యలో తెరిచేదాన్ని. "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాట తీసేసి "చదువు కోసం" అని మార్చాను. వారం తిరక్కుండానే మళ్ళీ పాత మాటే పెట్టాను. తేదీ అయితే ప్రతి నెలా మార్చాను. పంపే బటన్ దాకా వేలు వెళ్ళేది, గుండె దడదడలాడేది, లాప్‌టాప్ మూసేసేదాన్ని.

అప్పటికి నాకు 42 ఏళ్ళు. బీమా క్లెయిములు పరిశీలించే పనిలో 17 ఏళ్ళు గడిచాయి. ఆ ఉద్యోగంలో నాకు ఏ లోటూ లేదు, చుట్టూ ఉన్నవాళ్ళు నా మనుషులు. అందుకే వదలడం మరీ కష్టమైంది. బాధ పెట్టే చోటైతే ఆ బాధే మనల్ని బయటికి తోసేస్తుంది. నన్ను తోసేది ఏదీ లేదు. నా అంతట నేనే లేచి నడవాలి.

ఎందుకు లేవాలనిపించిందో చెప్పాలి.

ఒక మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి ఒకాయన తొమ్మిదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన బధిరుడు. భార్య చనిపోయింది, ఆవిడ పాలసీ గురించి వచ్చాడు. మా దగ్గర సంజ్ఞా భాష తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పిల్లాడే మధ్యలో నిలబడ్డాడు. నేను అడిగింది విని చేతులతో నాన్నకి చెప్పేవాడు, నాన్న చేతులు చూసి నోటితో నాకు చెప్పేవాడు. చాలా చురుకైన పిల్లాడు. పేర్లు, పాలసీ నంబరు, తేదీలు అన్నీ టకటకా చెప్పేశాడు. ఫారంలో తర్వాతి గడి మరణ కారణం. తలెత్తకుండానే అడిగాను. జవాబు రాలేదు. చూస్తే వాడి చేతులు ఛాతీ ముందు అలాగే ఆగిపోయి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. ఏమడిగారని వాళ్ళ నాన్న వాడి భుజం తడుతున్నాడు. వాడు ఆయన వైపూ చూడట్లేదు, నా వైపూ చూడట్లేదు.

ఆ ప్రశ్న వాడి చేతుల్లో పెట్టింది నేనే.

ఆ గడి వదిలేసి, ఆయన తెచ్చిన కాగితాలు చూసి తర్వాత నింపాను. కానీ ఆ వేళ్ళు నన్ను వదల్లేదు. నెల తిరక్కుండానే ఒక శనివారం సాయంత్రం సంజ్ఞా భాష తరగతిలో కూర్చున్నాను.

అక్కడ నా ప్రపంచం ఎంత పెద్దదైందో ఎంత చెప్పినా తక్కువే. అంతవరకూ ఇవి ప్రపంచమంతా ఒకేలా ఉండే సైగలు అనుకున్నాను. కావు. చాలా దేశాలకు తమ తమ సంజ్ఞా భాషలు, ఒక్కోదానికి తన వ్యాకరణం. అమెరికన్ సంజ్ఞా భాష కూడా అన్ని భాషల్లాంటి సంపూర్ణమైన భాషేనని భాషావేత్త విలియం స్టోకో 1960లో పరిశోధన చేసి చూపించే దాకా, చదువుకున్నవాళ్ళు కూడా దాన్ని భాషగా లెక్కపెట్టలేదట. ఇందులో ముఖం కూడా వ్యాకరణమే. చాలా సంజ్ఞా భాషల్లో అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి. మా టీచరు బధిరురాలు. నా కనుబొమలు కదలకపోతే తన వేలితో పైకి ఎత్తి చూపించేది. రెండేళ్ళు ఒక్క శనివారం కూడా మానలేదు.

ఆ తర్వాత అసలు మలుపు వచ్చింది. సంజ్ఞా భాష దుబాసీగా పనిచేయాలంటే ఏడాదిపాటు పగటిపూట శిక్షణ తీసుకోవాలి. ఉద్యోగం చేస్తూ కుదరదు. ఆ వారమే లేఖ రాశాను. ఆ వారమే భయం మొదలైంది.

నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. భయం తగ్గాక పంపుదామనుకున్నాను. ధైర్యం అంటే భయం లేకపోవడమని ఎవరు నేర్పారో గానీ చిన్నప్పటి నుంచీ మనసులో అదే నాటుకుపోయింది. రోజూ పొద్దున లేవగానే కడుపులో చెయ్యిపెట్టి వెతుక్కున్నట్టు, ఉందా, తగ్గిందా అని చూసుకునేదాన్ని. ఉండేది. సరే ఇంకో నెల, అనుకునేదాన్ని. అలా 11 నెలలు.

ఆ రోజుల్లోనే ఒకావిడ గురించి చదివాను. పరిశోధకులు ఆవిడ్ని ఎస్.ఎం. అని రెండక్షరాలతోనే పిలుస్తారు. అరుదైన జబ్బు వల్ల ఆవిడ మెదడులో భయం కలగడానికి ముఖ్యమైన అమిగ్డలా అనే భాగం రెండు వైపులా దెబ్బతింది. పాములన్నా సాలీళ్ళన్నా ఇష్టం లేదంటూనే పాముని కుతూహలంగా చేతిలోకి తీసుకుంది, పెద్ద సాలీడుని ముట్టుకోబోతే ఆపాల్సి వచ్చింది. జీవితంలో ప్రాణాపాయం ఎదురైనప్పుడు కూడా మనకు కలిగే భయం కలగలేదు. అది చదివాక చాలాసేపు ఆలోచించాను. ఆవిడ్ని ధైర్యవంతురాలని అనగలమా? నేను ఎదురుచూస్తున్న స్థితి అదేనా? అది ఒక లోపం, దానివల్ల ఆవిడ ఎన్నోసార్లు అపాయంలో పడింది. భయం పనిచేయడమంటే మెదడు సవ్యంగా ఉందన్నమాట. నేను దాన్ని సెలవు మీద పంపాలని చూస్తున్నాను.

ఇంకొకటి కూడా నాకు అక్కరకొచ్చింది. మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలు చూపించి ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు, చూస్తున్నవాళ్ళ అమిగ్డలాలో చలనం తగ్గింది. నేను శాస్త్రవేత్తను కాను, ముఖానికి పేరు పెట్టడమూ నా జీవితమూ ఒకటి కావని తెలుసు. కానీ అప్పటిదాకా నా భయానికి నేను పేరే పెట్టలేదన్న సంగతి తట్టింది. "భయంగా ఉంది" అంటున్నానే తప్ప దేనికో చెప్పట్లేదు. క్లెయిమ్ ఫారంలో ఎవరైనా "నష్టం జరిగింది" అని మాత్రం రాస్తే నేను ఒప్పుకునేదాన్నా? ఏం పోయింది, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది అని అడిగి తిప్పి పంపేదాన్ని.

ఆ రాత్రి ఒక నోటుబుక్కు తీసి నా భయాలని అలాగే ప్రశ్నించాను. డబ్బు చాలదు. ఎన్ని నెలలకు చాలదు? లెక్కేస్తే పొదుపు మీద 14 నెలలు నెట్టుకురావచ్చు, కారు అమ్మితే ఇంకో ఐదు నెలలు. ఈ వయసులో వేళ్ళు తిరగవు, నేర్చుకోలేను. రెండేళ్ళ శనివారాలు దానికి జవాబు. అందరూ ఏమనుకుంటారు? అందరూ అంటే ఎవరు? పేర్లు రాద్దామని కూర్చుంటే ముగ్గురు తేలారు. అందులో ఒకరితో నేను మాట్లాడి నాలుగేళ్ళయింది. చివరిది, పాప చదువుకి ఇబ్బంది అవుతుందని. దాని పక్కన ఏమీ రాయలేకపోయాను. అది నిజమైన భయం. ఈ ఒక్కదాన్నే మా ఆయన ముందు పెట్టాను.

ఆయన నోటుబుక్కంతా చదివాడు. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు. నాకూ ఉంది. నువ్వు ఆగిపోతావేమోనని చెప్పలేదు" అన్నాడు. అంతకుముందు ఆయన "నీ ఇష్టం, నువ్వేం చేసినా సరే" అన్నప్పుడు రాని బలం ఆ మాటతో వచ్చింది. ఇద్దరం కూర్చుని పాప చదువుకి డబ్బు విడిగా తీసిపెట్టాం. దాన్ని ముట్టుకోవాల్సి వస్తే నేను మళ్ళీ ఏదో ఒక ఉద్యోగంలో చేరాలని రాసుకున్నాం.

ఒక మాట మాత్రం చెప్పాలి. అందరూ ఉద్యోగాలు వదిలేయమని ఇది రాయట్లేదు. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ చేసిన ఒక అధ్యయనం ఉంది. పెద్ద నిర్ణయం దగ్గర తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ళు ఒక వెబ్‌సైట్‌లో బొమ్మా బొరుసూ వేసుకున్నారు, 20,000కు పైగా సార్లు. పెద్ద విషయాల్లో మార్పు వైపు వెళ్ళినవాళ్ళు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామన్నారు. ఇది నాకు ఊతమిచ్చిన మాట నిజమే. కానీ వాళ్ళందరూ అప్పటికే గట్టు మీద నిలబడ్డవాళ్ళు. గట్టు దాకా రానివాళ్ళ గురించి ఆ లెక్క ఏమీ చెప్పదు. నా పక్క టేబుల్ స్నేహితురాలికి కూడా వేరే కల ఉంది. మంచాన పడ్డ తల్లిదండ్రుల కోసం ఆగింది. ఆ ఆగడంలో ఎంత ధైర్యం ఉందో రోజూ చూశాను. ఎవరైనా దాన్ని పిరికితనం అంటే నేను ఊరుకోను.

లేఖ పంపిన రోజు చేతులు చల్లబడిపోయాయి. మా సార్ పిలిచి, "ఏమైందమ్మా, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి భయం లేదా?" అన్నారు. "చాలా ఉంది సార్" అన్నాను. ఆ మాట బయటికి అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

ఇప్పటికి మూడేళ్ళు దాటింది. నోటుబుక్కు తీసి చూసుకుంటే కొన్ని భయాలు నిజమయ్యాయి. మొదటి ఏడాది పనిలో నా సంపాదన పాత జీతంలో సగం కూడా లేదు. కారు అమ్మేశాం. పాప డబ్బు ముట్టుకోలేదు గానీ, ముట్టుకోవాల్సి వస్తుందేమోనని రెండు నెలలు నిద్రపట్టలేదు. చిత్రం ఏమిటంటే నన్ను బాగా బాధపెట్టినవి ఆ పట్టికలోనే లేవు. ఒంటరితనం రాసుకోలేదు. పొద్దున 11 గంటలకు పక్క టేబుల్ నుంచి నా పేరు పెట్టి పిలిచే గొంతు ఉండేది. అది లేకపోవడం ఇంత గుచ్చుతుందని ఊహించలేదు. భుజాల నొప్పి కూడా రాసుకోలేదు. ఎక్కువసేపు జరిగే సమావేశాల్లో ఇద్దరు దుబాసీలు 20 నిమిషాలకోసారి మారుతూ పనిచేస్తారు. ఎందుకో మొదటి నెలలోనే తెలిసింది.

చేతులు ఇప్పటికీ వణుకుతాయి, ముఖ్యంగా ఆసుపత్రి పనికి వెళ్ళినప్పుడు. శిక్షణలో ఉండగా ఒకసారి ఇది మా టీచరుకి చెప్పి, తగ్గడానికి ఏం చేయాలని అడిగాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కాసేపు చూసి, వదిలి, తన చేతులతో చెప్పింది: "వణికినా నాకు అర్థమవుతోంది. చెప్పు."

మొన్న ఒక ఆసుపత్రికి వెళ్ళాను. లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పకూడదు, మా పనిలో గోప్యత మొదటి నియమం. బయట వరండాలో జరిగింది మాత్రం చెప్తాను. తల్లి బధిరురాలు. పక్కన పదేళ్ళ పాప, ఒళ్ళో తెరిచిన పుస్తకం. నర్సు పేరు పిలవగానే ఆ పాప అలవాటుగా పుస్తకం మూసి లేచి నిలబడింది. నేనెవరో వాళ్ళమ్మ చేతులతో చెప్పింది. పాప నా వైపు చూసి, "అయితే నేను రానక్కర్లేదా?" అంది.

"అక్కర్లేదమ్మా, నువ్వు చదువుకో" అన్నాను.

కూర్చుని పేజీ వెతుక్కుంది. నేను చేతులు రెండూ ఒకదాంతో ఒకటి రుద్దుకుని, వాళ్ళమ్మ వెనకాలే లోపలికి వెళ్ళాను.