మా లాన్ కత: తుంగ, గునుగు, నా యూరియా తెలివి

హన్మకొండల ఇల్లు కట్టినంక గేటు పక్కన కొంచెం జాగ మిగిలింది, దాంట్ల లాన్ వేద్దామన్నది నేనే, మా ఆవిడ వద్దంటనే ఉంది, కూరగాయలు పెట్టుకుందామన్నది, ఇప్పటికీ గుర్తుచేస్తది.

మృగశిర కార్తె పోయినంక, జూన్ ఆఖర్ల, వానలు పట్టుకున్నయని మెక్సికన్ గడ్డి పెట్టిచ్చిన. టైము కరెక్టే. కాని కింద పోసిన చెల్క మట్టి ఎవరి చేనుదో ఏమో, దాంట్ల నిండ తుంగ గడ్డలున్నయి. రెండు వానలు పడ్డయో లేదో, లాన్ కంటే ముందు తుంగ లేచి నిలబడ్డది. పొద్దుగాల లేసి పీకుడు, మూడు రోజులకు మళ్ల అక్కడ్నే మొలుసుడు. ఊర్నుంచి వచ్చిన బాపు కాసేపు చూసి, "ఆకు తెంపుతానవురా, కింద గడ్డ ఎవలు తీయాలె?" అన్నడు. తవ్వి చూస్తే నిజమే, ఒక గడ్డ నుంచి సన్నని తీగ పోయి ఇంకో గడ్డ, దాన్నుంచి ఇంకోటి, దండ గుచ్చినట్టు. ఇగ ఆ వానకాలమంతా గడ్డపార పట్టుకొని కూసున్న, నడుము పోయింది. నేల తడిగ ఉన్నప్పుడైతేనే గడ్డ తెగకుంట వస్తది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

పెంట ఎరువు వేస్తే అది మాగక గునుగు మొలిచింది. అదీ పీకబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది, బతుకమ్మకు కావాలె అని. చేన్ల కలుపు, మా ఇంట్ల పువ్వు, ఏం చేస్తం.

డిసెంబర్ల గడ్డి ఎదుగుడు ఆగింది. చలికి అట్లనే ఉంటదట, నాకు తెల్వక సచ్చిపోతుందేమో అని గుప్పెళ్లతోని యూరియా చల్లిన, నీళ్లు సరిగ పట్టలే. వారానికి చూస్తే మచ్చలు మచ్చలుగ మాడింది. నవ్వకండి.

మల్లె చెట్టు మాత్రం ఆ చలికాలమే దారిల పడ్డది. జనవరిల నీళ్లు బంద్ పెట్టి, ఆకు దూసి, కొమ్మలు సగానికి కత్తిరించి, తర్వాత ఎరువేసి నీళ్లిచ్చినం. మార్చి దాటంగనే మొగ్గలు. అంతకుముందేడు పాపమని కత్తిరియ్యక ఆకులే చూసినం.

ఎండకాలం ఇంకో తప్పు. పొట్టిగ కోస్తే నీళ్లు తక్కువ తాగుతదనుకొని ఏప్రిల్ల మిషన్ బ్లేడు కిందికి దించి కోయించిన, రోహిణి కార్తె వచ్చేసరికి మట్టి కనబడ్డది. పొడుగుంటేనే వేర్లకు నీడ. ఇప్పుడు మార్చి నుంచి బ్లేడు పైకి పెట్టి కోస్తున్న, ఒక్కసారి మూడో వంతు కంటే ఎక్కువ తీయను, నీళ్లు తెల్లారకముందే. వానకాలం అయితే వారం వారం కోయాల్సిందే, చలికాలం నెలకొక్కసారి చాలు.

తుంగ ఇప్పుడు గేటు మూలకు మాత్రమే ఉంది. ఆ మూల తవ్వుదామంటే మళ్ల గునుగు లేచింది, ఎంగిలిపూల బతుకమ్మ దాకా దాని జోలికి పోవద్దని మా ఆవిడ ఆర్డరు.