సికింద్రాబాద్‌ల వచ్చింది హన్మకొండల ఎందుకు రాదంటే

నాలుగు వారాలు సికింద్రాబాద్‌ల ఉండి మొన్న ఆదివారమే ఇంటికొచ్చినం. చిన్నోనికి 15 ఏండ్లు, ఆటిజం, మాటలు చాలా తక్కువ, మీసం గూడ వస్తున్నది. రోజుకు ఐదు గంటల థెరపీ, పొద్దున స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటె రోజువారీ పనులు చేసుకునేటందుకు ఇచ్చే థెరపీ), పగటీలి స్నానం జేసుడు, బట్టలు మడతపెట్టుడు, దుకాణంల పైసలిచ్చి వస్తువు తెచ్చుకునుడు. అందరు ఫోన్ జేసి "ఏమన్న మాట్లాడుతున్నడా" అని అడుగుతున్నరు, అందుకే అన్నీ ఒక్క దగ్గర రాస్తున్న.

కాజీపేట నుంచి 130 కిలోమీటర్లే, అందరికి రెండు మూడు గంటల ప్రయాణం, మాకు మాత్రం వారం ముందటి నుంచే పని. అట్ట మీద స్టేషన్ల ఫొటోలు వెల్క్రోతోని అతికించిన, ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు, భువనగిరి, ఇట్ల వరుసగ. స్టేషన్ దాటంగనే వాడు ఆ ఫొటో పీకి సంచిల ఏసుకుంటడు. భువనగిరి గుట్ట కనవడ్డప్పుడు కిటికీకి చెంప ఆనించి కదలకుంట సూస్తడు, ఆ రెండు నిమిషాలు నాకు ఎంత నెమ్మదిగ ఉంటదో చెప్పలేను.

పోయేటప్పుడు చర్లపల్లి దాటినంక రైలు సిగ్నల్ కోసం ఆగిపోయింది. వాని అట్టల చర్లపల్లి తర్వాత మౌలాలి ఉన్నది, "ఆగుడు" అనేది లేదు. ఐదు నిమిషాలు ఓపిక పట్టిండు, తర్వాత మణికట్టు కొరుక్కునుడు మొదలువెట్టిండు, హెడ్‌ఫోన్స్ తీసి ఇసిరేసిండు, ఎదురుంగ కూసున్నాయన "గంత పెద్ద పిల్లగాడు, రెండు దెబ్బలెయ్యిండ్రి" అన్నడు. చిన్నప్పుడు అయితే సంకల ఎత్తుకొని డోర్ కాడికి పోయేదాన్ని, ఇప్పుడు నాకంటె పొడుగున్నడు. వాని పక్కన కింద కూసొని అట్లనే ఉన్న.

తెల్లారి థెరపిస్ట్ మేడంకు చెప్తే ఆమె ఒక ఖాళీ ఎర్ర కార్డు ఇచ్చింది. అనుకోనిది జరిగితే గీ కార్డు, దీని తర్వాత మళ్ల వరుస మొదలయితది, అని ముందుగాల చిన్న చిన్న వాటితోని నేర్పిండ్రు. పజిల్ మధ్యల ఆపుడు, ఎర్ర కార్డు పెట్టుడు, ఆగినందుకు ఒక సకినం ముక్క, మళ్ల పజిల్. అవును సకినమే, మా అత్తమ్మ డబ్బా నిండ చేసి పంపింది, వానికి ఆ కరకర శబ్దమంటె పానం.

గిప్పుడు అసలు ముచ్చట. వానికి 11 ఏండ్లప్పుడు వేరే ఒక సెంటర్‌కు తీస్కపోయినం, తల్లిదండ్రులు బయటనే కూసోవాలె అన్నరు. మూడు వారాలల్ల షర్ట్ గుండీలు పెట్టుకునుడు వచ్చిందని వీడియో గూడ చూపెట్టిండ్రు, ఇంటికొచ్చినంక ఒక్క గుండీ పెట్టలే. నేను వాడు మొండికేస్తున్నడు అనుకొని కోపం జేసిన, అది తల్సుకుంటె ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది. మొండితనం కాదు, ఆటిజం ఉన్న పిల్లలల్ల చాలామందికి ఒక గదిల వచ్చిన పని ఇంకో గదిలకు దానంతట అదే రాదు, మనిషి మారినా, మగ్గు రంగు మారినా వాళ్లకు అది కొత్త పనే. అందుకే ఈసారి ఫీజు కట్టకముందే అడిగిన, నేను లోపల కూసోవచ్చునా, నాతోని చేపిస్తరా అని. మన వరంగల్ దిక్కు నుంచి ఎవరు పోయినా దయచేసి ఇది అడుగుండ్రి, కాదంటె ఆ పైసలు పెట్టకుండ్రి. ఇంటి మగ్గు, ఇంటి సబ్బు డబ్బా గూడ తీస్కపోండ్రి, మేము నీలం మగ్గు తీస్కపోయినం.

ఇంకోటి, రైల్వే రాయితీల ఆటిజం పేరుతోని కేటగిరీ లేదు. మేధో వైకల్యం సర్టిఫికెట్ కూడా ఉంటె, తోడు లేకుంట పోలేని పిల్లలకు స్లీపర్ల, థర్డ్ ఏసీల 75 శాతం తగ్గిస్తరు, తోడు పోయే ఒకరికి గూడ అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఆటిజంను చేర్చిండ్రు గని రైల్వే ఫారం ఇంకా పాత లెక్కనే ఉన్నది, ఇది మారాలె.

వచ్చేటప్పుడు రఘునాథపల్లి కాడ రైలు ఆగింది. నా గుండె దడదడ కొట్టుకున్నది. వాడు సంచిల చెయ్యి పెట్టి, ఫొటోలన్ని తిరగేసి, ఎర్ర కార్డు తీసి నా అరచేతిల పెట్టి వేళ్లు మూసిండు. బండి కదిలిందాక నా చెయ్యి ఇడువలే.

స్నానానికి 11 స్టెప్పులున్నయి. సెంటర్ల అన్నీ వాడే చేసుకున్నడు, ఇంటికొచ్చిన రోజు రెండే. నిన్న ఏడు దాక వచ్చిండు, వీపుకు సబ్బు రాసుకునుడు కాడ ఆగిండు, అక్కడ ఇంకా చెయ్యి పట్టుకొని చేపిస్తున్న.