దేవుణ్ణి నీవు, నాన్నను మీరు

మా అబ్బాయికి 13 ఏళ్లు. ఫిలడెల్ఫియా దగ్గర పుట్టి పెరిగాడు. తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. ఒక రాత్రి ప్రార్థన ముగిశాక అడిగాడు: "నాన్నా, తాతయ్యను ‘మీరు’ అంటావు, దేవుణ్ణి ‘నీవు’ అంటావు. తాతయ్య దేవుడికన్నా పెద్దవాడా?"

ఇంగ్లీషులో ఈ సందేహమే రాదు. ఇన్నేళ్లుగా ‘పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము...’ అంటున్నాను కానీ, నాకెప్పుడూ తట్టలేదు.

మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ (ప్రొటెస్టంట్ శాఖ) సంఘానికి పెద్ద. ఆయన దగ్గు వాకిట్లో వినబడితే చాలు, మేము పుస్తకాలు తెరిచేవాళ్లం. ఇక్కడ అద్దె చర్చిలో కూడుకునే మా తెలుగు సంఘం నన్ను పెద్దగా ఎన్నుకున్నప్పుడు నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆరాధనలో ఫోను తీసిన పిల్లలందరి మీదా కళ్లెర్రజేశాను. మా వాడు వెనక వరసకు మారిపోయాడు.

తన ఇంటిని ఏలుకోలేనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడని బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రికలో (లేఖలో) అపొస్తలుడైన పౌలు అడుగుతాడు. పిల్లల్ని అదుపులో పెట్టమనే అర్థంలోనే మా పెద్దలు దాన్ని చదువుకున్నారు, నేనూ అంతే. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో మాత్రం ఆయన ముందు తనను బిడ్డల్ని గారవించే తల్లితో పోల్చుకుంటాడు. ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డానంటాడు. ఆ తర్వాతే తండ్రి మాట ఎత్తుతాడు. అప్పుడైనా గుంపునంతా కలిపి కాదు, ‘ప్రతివానిని’ అంటాడు.

మా గుంటూరు లూథరన్లకు, ఫిలడెల్ఫియా ఉన్న ఈ పెన్సిల్వేనియా రాష్ట్రంతో పాత బంధుత్వం ఉంది. ఇక్కడినుంచి వెళ్లి 1842లో గుంటూరు చేరిన మిషనరీ హయ్యర్‌ను ‘ఫాదర్ హయ్యర్’ అంటారు. కేథలిక్ గురువులను పిలిచినట్టు లూథరన్ బోధకుణ్ణి అలా పిలవడం మామూలు సంగతి కాదు. 1869లో రాజమండ్రి మిషను చేజారేలా ఉందని తెలిసి, 76 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ ఓడ ఎక్కారు. పెద్దరికంతో వచ్చే పిలుపా అది?

ఇప్పుడు ఆరాధన అయ్యాక వెనక వరసలో వాడి పక్కన కూర్చుంటున్నాను. ఏమీ అడగను. మూడో వారం వాడే చెప్పాడు, బాస్కెట్‌బాల్ జట్టులోకి తనను తీసుకోలేదని. అది జరిగి అప్పటికే నెలయిందట.

ఈ మధ్యే అమ్మ ఒక సంగతి చెప్పింది. మిరప కోతల రోజుల్లో, ఎంత అలసినా, జ్వరంతో పడుకున్నవాళ్ల ఇళ్లకు నాన్న రాత్రిళ్లు లాంతరుతో వెళ్లేవారట. అప్పటికి మేము నిద్రపోయేవాళ్లం. నాకు మిగిలింది ఆ దగ్గే.

మొన్న ఫోనులో ఆయనకు మనవడి ప్రశ్న చెప్పాను. చాలాసేపు నవ్వి, "అయితే నువ్వూ నన్ను నువ్వనే పిలవరా" అన్నారు. ప్రయత్నించాను. నోరు తిరగలేదు. మా వాడు ఫోను లాక్కున్నాడు.

"తాతయ్యా, నువ్వు తిన్నావా?"