జాన్ హెన్రీ కొండ దగ్గర ఒక పూట

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న అమెరికా జానపద కథల పుస్తకంలో వాడు మళ్ళీ మళ్ళీ చదివింది జాన్ హెన్రీ కథ. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కూలీ. రైలుమార్గం కోసం కొండ తొలిచేవాడు. ఆవిరితో నడిచే డ్రిల్లింగు యంత్రం వస్తే, సమ్మెట పట్టి దానితో పోటీకి దిగాడు. గెలిచాడు, గెలిచిన చోటే కూలిపోయి ప్రాణం వదిలాడు. "అమ్మా, నిజంగా ఉన్నాడా?" అని వాడు రోజూ అడుగుతుంటే, ఆ కొండే చూపిద్దామని జూలైలో ఒక శనివారం తెల్లవారుజామున వర్జీనియాలోని రిచ్మండ్‌ నుంచి బయల్దేరాం.

నాలుగు గంటలు 64వ నంబరు హైవే మీద పడమటికి. వెస్ట్ వర్జీనియాలోకి వెళ్ళాక పెద్ద రోడ్డు వదిలి, ఆల్డర్సన్ మీదుగా చిన్న రోడ్డు పట్టుకుంటే టాల్కాట్ వస్తుంది. గ్రీన్‌బ్రయర్ నది పక్కన చిన్న ఊరు. అక్కడ నది బిగ్ బెండ్ కొండను చుట్టుకుని పెద్ద వంపు తిరుగుతుంది. నది వెంట పట్టాలు వేస్తే చుట్టుదారి అవుతుందని చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే వాళ్ళు 1870లో కొండనే తొలవడం మొదలుపెట్టారు. సొరంగం పొడవు మైలు పైనే.

విగ్రహం సొరంగం దగ్గరి పార్కులో ఉంది. ఎనిమిదడుగుల కంచు మనిషి, చొక్కా లేదు, రెండు చేతుల్లో సమ్మెట. 1972లో నిలబెట్టారు. మొదట పైన కొండ మీద రోడ్డు పక్కన ఉండేదట, అక్కడున్న రోజుల్లో ఎవరెవరో తుపాకులతో కాల్చారు కూడా. ఆ మాట విని మావాడి ముఖం చిన్నబోయింది. నాకూ మనసు చివుక్కుమంది.

పాత సొరంగంలో ఇప్పుడు రైళ్ళు తిరగవు. దాని పక్కనే 1932లో తవ్విన రెండోదాంట్లో నడుస్తున్నాయి. మేం లోపలికి వెళ్ళలేదు, నోటి దగ్గరే నిలబడ్డాం. బయట ఎండ మాడుస్తోంది, లోపలి నుంచి మాత్రం బావిలోంచి వచ్చినట్టు చల్లగాలి. పక్కనున్న ఎర్రరాయి ముక్క ఒకటి తీసి మావాడి చేతికిచ్చాను. వేళ్ళ మధ్య నలిపితే పొరలు పొరలుగా విడిపోయింది. గాలి తగిలితే పెళుసెక్కే రాయి ఇది. తవ్వుతున్నప్పుడూ, తవ్విన తర్వాతా పైకప్పు ఊడిపడి ఎందరో చనిపోయారు. లోపల ఇటుకలతో కట్టుబడి చేసింది తర్వాతెప్పుడో. పిల్లల పుస్తకంలో పోటీ ఉంది, గెలుపు ఉంది. ఈ రాయి సంగతి మాత్రం లేదు. నాకైతే కథంతా ఈ రాయిలోనే ఉందనిపించింది.

పని ఎలా జరిగేదో వాడికి చేసి చూపించాను. ఒక మనిషి ఉక్కు ములుకును రాతికి ఆనించి పట్టుకుంటాడు. ఇంకొకడు సమ్మెటతో కొడతాడు. దెబ్బ దెబ్బకీ పట్టుకున్నవాడు దాన్ని కాస్త తిప్పాలి, లేదంటే ఇరుక్కుపోతుంది. గురి తప్పితే చెయ్యి పోతుంది. అందుకే ఇద్దరూ ఒక తాళంలో ఉండటానికి పాడుకునేవాళ్ళు. మా ఊళ్ళో బరువులెత్తేవాళ్ళు "హైలెస్సా" అన్నట్టే. జాన్ హెన్రీ పేరు మనదాకా వచ్చింది ఆ పాటల వల్లే. కాగితం మీదికి ఎక్కకముందే వాళ్ళ నోళ్ళలో ఉంది.

నిజంగా ఉన్నాడా అన్న ప్రశ్న పట్టుకుని పెద్దవాళ్ళూ తిరిగారు. 1920లలో గై జాన్సన్, లూయీ చాపెల్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరుగా దీని వెంట పడి, సొరంగం పని ఎరిగిన ముసలివాళ్ళని అడిగారు. చూశామన్నవాళ్ళున్నారు, అలాంటిదేం జరగలేదన్నవాళ్ళూ ఉన్నారు. 2006లో స్కాట్ నెల్సన్ అనే చరిత్రకారుడు వేరే మాట చెప్పాడు. పోటీ ఇక్కడ కాదు, వర్జీనియాలోని లూయిస్ సొరంగం దగ్గర. మనిషి పేరు జాన్ విలియం హెన్రీ, జైలు నుంచి రైల్వే పనికి అద్దెకిచ్చిన ఖైదీ. జైలు రికార్డులో వయసు పందొమ్మిది, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఆ జైలు ఉన్నది మా రిచ్మండ్‌లోనే. నెల్సన్ మాటే నిజమైతే, పొద్దున మేం కార్లో వచ్చిన వైపే వాణ్ణీ కొండల్లోకి పంపించారు.

అందరూ ఈ వాదన ఒప్పుకోలేదు. నేను మాత్రం ఆ పందొమ్మిదేళ్ళ దగ్గరే ఆగిపోయాను.

మావాడు విగ్రహం వైపు తలెత్తి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"అమ్మా, అయిదు ఒకటంటే నీ ఎత్తే కదా!"

"అవును నాన్నా."

నా చెయ్యి పట్టి లాక్కెళ్ళి విగ్రహం పక్కన నిలబెట్టాడు. వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి, గాల్లో చెయ్యి చాపి నా తల ఎక్కడిదాకా వచ్చిందో కొలుచుకున్నాడు. ఇంతలో పక్క సొరంగంలోంచి రైలు కూత వినిపించింది. వాడు చెయ్యి దించలేదు.